జోలదారం

"కంకణంతో పొలిమేర దాటకూడదమ్మాయ్," అన్నారు సుభద్రమ్మగారు, మూడోసారి.

తెల్లవారి ఆరైంది. వాకిట్లో కారు సిద్ధంగా ఉంది. ఆవిడ మనవడు చక్రధర్ వెనక సీట్లో మంచినీళ్ళ క్యాను, దుప్పట్లు, తడి గోనెలో చుట్టిన సంపెంగ మొక్క ఒకటి సర్దుతున్నాడు. కొత్త పెళ్ళికూతురు హైమ కూడా మూడోసారి తన జవాబే అప్పజెప్పింది.

"పదహారు రోజుల పండగ దాకా ఉంచుకుంటాం నాయనమ్మగారూ. నేను మొక్కుకున్నాను."

మొక్కట! పెళ్ళిచూపుల నాడు ఇదే పెద్దావిడ "దేవుడంటే నమ్మకం ఉందా అమ్మా?" అని అడిగితే, "ఉన్నాడనీ లేడనీ కూడా ఇంకా రుజువు కాలేదండీ" అని కుండబద్దలు కొట్టిన పిల్ల. విశాఖపట్నంలో నరాల మీద పరిశోధన చేసే ల్యాబులో ఉద్యోగం. అలాంటి పిల్ల కంకణం విప్పనంటే చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. అత్తగారైతే మురిసిపోయి వీధంతా చెప్పుకొచ్చారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. హైమ ఆడింది అతికింది. అతికి, ఇక ఊడిరానంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"పోనీలే నాయనమ్మా, ముచ్చటపడుతోంది," అన్నాడు చక్రి డోరు వేస్తూ. "ఈ కంకణం సంగతి నీకేం తెలుసు? ఇది కట్టగానే నా కడుపునొప్పి ఎగిరిపోయింది. మా ఆవిడ చెయ్యి అలాంటిది మరి!"

హైమ నవ్వలేదు. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంది.

అతని మణికట్టుకి ఎండిన పసుపుకొమ్ము చుట్టూ ఉన్నదంతా పసుపు దారం కాదు. ఆ సంగతి ఈ భూమ్మీద హైమ ఒక్కదానికే తెలుసు.

మూడు రోజుల కిందట, ముహూర్తానికి గంట ముందు, పెళ్ళికూతురి గదిలో ఆమె ఫోనుకి చక్రి మెసేజి వచ్చింది. "కడుపులో మెలిపెట్టేస్తోంది హైమా. నిలబడలేకపోతున్నాను. రాత్రి తిన్న పూతరేకుల పుణ్యం అనుకుంటా. ఎవరికీ చెప్పకు, ఊరంతా గోలైపోద్ది."

చెబితే ఏమవుతుందో హైమకి తెలుసు. డాక్టరు కోసం పరుగులు. ఈలోగా ముహూర్తం దాటిపోతుంది. మర్నాటి నుంచి మూఢం, మూడు నెలల దాకా మరో ముహూర్తం లేదు. పీటల మీద ఆగిన పెళ్ళి అని జీవితాంతం ఒక మాట మిగులుతుంది. ఆ మాట మగపిల్లాడి మీదకి పోదు, పెళ్ళికూతురి పాద మహత్యం అంటారు. హైమ ముహూర్తాలని నమ్మదు గానీ, ముహూర్తాలని నమ్మే మనుషులు ఏం చేస్తారో బాగా తెలుసు.

ఆమె హ్యాండ్‌బ్యాగులో ఒక చిన్న డబ్బా ఉంది. అందులో ల్యాబు గడప దాటకూడని దారం బారెడు. నెలనెలా తనని మెలితిప్పే నొప్పి సరిగ్గా పీటల మీద వస్తే కట్టుకుందామని, వాళ్ళ పెద్ద సైంటిస్టు నళిని మేడమ్‌కి తెలియకుండా తెచ్చుకుంది. జోలదారం అని పేరు దానికి. వెంట్రుక కన్నా కాస్త లావు. మణికట్టుకి చుడితే ఒంటి వేడితోనే పనిచేస్తుంది. అక్కడి నరం పట్టుకుని మెదడుకి జోల పాడుతుంది. ఒంట్లో ఏ మూల నొప్పి కేకేసినా మెదడు వినిపించుకోదు. మూడు చుట్లకి పంటినొప్పి పోతుంది. ఐదు చుట్లు చుడితే విరిగిన ఎముక కూడా నోరెత్తదు.

వాళ్ళ వైపు ఆచారంలో కంకణం ఒకరికొకరు కట్టుకోవాలి. పురోహితుడు అందించిన పసుపు దారంతో పాటు హైమ వేళ్ళ మధ్య దాచుకున్నదాన్నీ కలిపి చుట్టడం మొదలుపెట్టింది.

"మూడు చుట్లు చాలమ్మా," అన్నాడాయన.

ఆమె ఐదు చుట్టింది. "అప్పుడే కట్టిపడేస్తోందిరోయ్!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది. అప్పటిదాకా చెమటలు కక్కుతూ పళ్ళు బిగించుకుని కూర్చున్న చక్రి నాలుగో చుట్టుకి భుజాలు దించాడు. ఐదో చుట్టుకి తలెత్తి, చిన్నపిల్లాడిలా ఆశ్చర్యంగా ఆమె మొహంలోకి చూశాడు.

"నీ చెయ్యి మంచిది హైమా," అన్నాడు గుసగుసగా. "చేత్తో తీసేసినట్టు పోయింది."

అప్పుడు చెప్పాల్సింది. ఆ సాయంత్రమైనా చెప్పాల్సింది. కానీ అతను ఆ మాట వాళ్ళమ్మకి చెప్పాడు, నాయనమ్మకి చెప్పాడు, తమ మొక్కల నర్సరీలో కూలీలకి పిలిచి మరీ చెప్పాడు. ఒకళ్ళు అంత నమ్మకంగా మన చెయ్యి మంచిదంటుంటే, అది చెయ్యి కాదు దారం అని చెప్పడానికి ఎంత గుండె కావాలి! హైమకి అంత గుండె లేకపోయింది. అజీర్తే అయ్యుంటుంది, ఈపాటికి తగ్గిపోయే ఉంటుంది అనుకుంది. ఎలకల మీద పదహారు రోజుల దాకా ఏ ప్రమాదమూ లేదని తన చేత్తోనే రికార్డులో రాసింది కదా అని సర్దిచెప్పుకుంది. ఆమెకి డాక్టరేటు ఉంది, అంతేగానీ ఆమె డాక్టరు కాదు. ఆ తేడా ఆ మూడు రోజులూ ఆమెకి గుర్తు రాలేదు.

గోకవరంలో టిఫినుకి ఆగారు. పెసరట్టు ఉప్మా తెచ్చిపెట్టారు. చక్రి సగం తిని ప్లేటు పక్కకి జరిపాడు.

"అదేంటండీ, బావుండలేదా?"

"బానే ఉంది. లోపలికి వెళ్ళట్లేదు అంతే. పెళ్ళిలో తిన్నది ఇంకా ఉన్నట్టుంది."

పెసరట్టు వదిలేసే మనిషి కాదతను. మొన్న పెళ్ళిలోనే, పందెం కట్టి ఏడు తిన్న రోజు గురించి స్నేహితులు చెప్పి నవ్వించారు. హైమ అతని మొహం చూసింది. నుదుటి మీద చిన్న చిన్న చెమట బొట్లున్నాయి. నవంబరు పొద్దున, ఫ్యాను కింద.

మళ్ళీ బయల్దేరారు. ఈరోజు మారేడుమిల్లి దాటి, ఘాట్ దిగి, చింతూరు మీదుగా భద్రాచలం చేరాలి. రేపు జగదల్‌పూర్ జలపాతాలు. చక్రికి డ్రైవింగంటే ప్రాణం. కడియం నుంచి మొక్కల లోడుతో ఒరిస్సా దాకా ఈ దారిలో ఎన్నోసార్లు వెళ్ళాడు. ఇప్పుడు పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళడం కొత్త. ఉత్సాహం పట్టలేక ఒకటే కబుర్లు.

"అంటు కట్టడం ఎవడికైనా వచ్చుద్ది," అంటున్నాడు. "కొమ్మా కొమ్మా కలిపి టేపు చుట్టేత్తే సరి. ఇప్పడం రావాలి. టైముకి ఇప్పకపోతే ఆ టేపే కొమ్మని కోసేత్తది. పైకి ఆకులు పచ్చగా ఉంటాయి, లోపల కుళ్ళిపోద్ది. మొక్కకి నోరు లేదుగా పాపం, అబ్బా అనడానికి."

హైమ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ మాటలు అతను మామూలుగానే అన్నాడు. ఆమె మాత్రం బాటిల్ తీసి నీళ్ళు తాగింది.

మారేడుమిల్లి దాటాక ఒక వాగు దగ్గర కారాపాడు. సంపెంగ మొక్క ఇక్కడే నాటాలట. పెళ్ళయ్యాక మొదటి ప్రయాణంలో నీళ్ళున్న చోట ఆగి ఒక మొక్క నాటడం వాళ్ళ నాన్న మొదలెట్టిన పద్ధతి. గునపం భుజాన వేసుకుని గట్టు ఎక్కుతున్నాడు. హైమ వెనకనుంచి చూసింది.

అతను కుడికాలు ఈడుస్తున్నాడు.

ముందు చెప్పు తెగిందేమో అనుకుంది. చెప్పు బాగానే ఉంది. నడుం కాస్త ముందుకి వంగి ఉంది, కుడివైపుకి ఒరిగి ఉంది. ఆ వంకర అతనికి తెలియడం లేదు. ఈలవేసుకుంటూ ఎక్కుతున్నాడు.

"ఏవండీ, ఒక్కసారి ఆగండి."

దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. పెనంలా కాలుతోంది. అలాగే చొక్కా పైకెత్తి, బొడ్డు పక్కన కుడివైపు కిందగా అరచెయ్యి ఆనించి నొక్కింది. చెక్క మీద చెయ్యి పెట్టినట్టుంది.

చక్రి కిలకిలా నవ్వాడు. "రోడ్డు మీద ఏంటిది హైమా! ఎవరన్నా చూత్తే బాగోదు. భద్రాచలం దాకా ఆగలేవా ఏంటి?"

"నొప్పిగా ఉందా?"

"కితకితలుగా ఉంది."

ఇంకా గట్టిగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసేసింది. ఆ పని అపెండిక్స్ వాచిన మనిషికి చేస్తే ప్రాణం గిలగిలలాడుతుంది. చక్రి ఆమె ముక్కు పట్టుకుని ఊపి, మళ్ళీ గునపం అందుకున్నాడు.

హైమ అక్కడే ఒక రాతి మీద కూర్చుండిపోయింది. ఆమెకి బంగారయ్య గుర్తొచ్చాడు.

బంగారయ్య ల్యాబులో ఎలక. నలభై ఎలకల్లోకీ హుషారైనవాడు. మెడకి జోలదారం చుట్టాక ఇంకా హుషారయ్యాడు. రోజంతా బోనులో చక్రం తిప్పుతూనే ఉండేవాడు. పంతొమ్మిదో రోజు పొద్దున హైమ వెళ్ళేసరికి చక్రం మీదే చచ్చిపడి ఉన్నాడు. కోసి చూస్తే పేగు మెలిపడి వారమైంది, లోపలంతా చీము. వారం రోజులు కుళ్ళిన పేగుతో ఆ ప్రాణి ఆడుతూ పాడుతూ చక్రం తిప్పింది.

నళిని మేడమ్ ఆ ట్రే వంక చూసి, "మనం నొప్పిని చంపలేదమ్మాయ్. దాని నోరు నొక్కాం అంతే," అన్నారు. ఆ రోజునుంచి దారం గది దాటకూడదని తాళం వేయించారు.

"నలభైలో ఒకటి మేడమ్," అంది హైమ.

"ఆ ఒకటి మీ ఇంట్లో వాళ్ళైతే?" అన్నారావిడ.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. దారం చుట్టి ఉన్నంతకాలం ఆ నరం ఊరుకోదు, వినిపించుకోని మెదడు కోసం గొంతు పెంచుకుంటూ పోతుంది. దారాన్ని ఒక్కసారిగా తెంపితే ఆ కేకంతా ఒక్క క్షణంలో మీదపడుతుంది. అలా తెంపిన రెండు ఎలకలకి గుండె ఆగింది. ఒక్కో చుట్టు విప్పుతూ, మధ్యలో ఆగుతూ విప్పాలి. అది తెలిసినవాళ్ళు ఈ అడవిలో తనొక్కతే. ఫోను తీసి చూసింది. సిగ్నలు లేదు. ముందుకి ఘాట్ దిగి చింతూరు చేరేదాకా గంటన్నర. వెనక్కి అరగంటలో ఒక ఊరు, దారిలో చిన్న సర్కారు ఆస్పత్రి చూసిన గుర్తు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. అతను మొక్క చుట్టూ మట్టి అదిమి, చేతులు దులుపుకుంటూ వస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. "నువ్వు నీళ్ళు పోద్దువుగాని రా. నీ చేత్తో పోత్తే బతికేత్తది," అన్నాడు.

హైమ నోట్లోంచి వచ్చింది నిజం కాదు. "ఏవండీ... నాకు కడుపులో నొప్పిగా ఉంది. తట్టుకోలేకపోతున్నాను."

అంతే. మనిషి మారిపోయాడు. గునపం ఎక్కడ పడేశాడో, మొక్క సంగతేంటో కూడా చూడలేదు. వంగి ఆమెని రెండు చేతులా ఎత్తుకోబోయాడు. హైమ కెవ్వుమంది. అతని కడుపులో ఏది ఎప్పుడు పగులుతుందో తెలియదు. ఆ స్థితిలో యాభై అయిదు కిలోలు ఎత్తడమా!

"వద్దు! నన్ను ముట్టుకోవద్దు! నడుస్తాను, నేనే నడుస్తాను!"

పాపం, నొప్పికే అలా అరిచిందనుకున్నాడతను.

కారు వెనక్కి తిప్పాడు. హైమకి డ్రైవింగ్ రాదు, వాగు దగ్గరే దారం విప్పేస్తే ఆ నొప్పితో అతనూ నడపలేడు. నేర్చుకో నేర్చుకో అని వాళ్ళన్నయ్య పదేళ్ళుగా పోరుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి ఏం లాభం? చక్రి మలుపుల్లో కూడా తగ్గించడం లేదు. "ఓర్చుకో హైమా, వచ్చేశాం, అదిగో వచ్చేశాం," అంటున్నాడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఆమె చెయ్యి. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"నెమ్మదిగా వెళ్ళండి. నాకు కాస్త తగ్గింది."

"ఊరుకో. తగ్గితే మొహం అలా ఎందుకుంది?"

మూడో మలుపులో వెదురు లోడుతో లారీ ఎదురొచ్చింది. చక్రి బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మళ్ళీ తొక్కాడు, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని ఒళ్ళంతా బరువు వేసి. కారు లారీ బంపరుకి జానెడు దూరంలో ఆగింది. లారీ డ్రైవరు తల బయటపెట్టి వాళ్ళ ఏడుతరాల వాళ్ళనీ తలుచుకున్నాడు.

"కాలు తిమ్మిరెక్కినట్టుంది," అన్నాడు చక్రి, తన కుడికాలి వంక విడ్డూరంగా చూసుకుంటూ. "తొక్కుతున్నాను గానీ తొక్కుడు పడట్లేదు. ఇదేంటో."

హైమ మిగిలిన దారంతా అతని కాలి మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి బోర్డు కనబడేసరికి ఆమె జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

చిన్న ఆస్పత్రి. రెండు గదులు, వరండా, బయట బెంచీ మీద జ్వరాలవాళ్ళు నలుగురు. డాక్టరమ్మకి పాతికేళ్ళుంటాయి. పక్కన పెద్ద వయసు నర్సమ్మ.

"మా ఆవిడకి కడుపునొప్పండి. మెలికలు తిరిగిపోతోందండి," అన్నాడు చక్రి ఆయాసపడుతూ.

డాక్టరమ్మ హైమని బల్ల మీద పడుకోబెట్టి నాలుగువైపులా నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది. "ఇక్కడా? ఇక్కడా?"

"నాకు కాదండీ," అంది హైమ లేచి కూర్చుంటూ. "ఆయనకి."

డాక్టరమ్మ తల తిప్పి చక్రి వంక చూసింది.

"నాకా?" చక్రి నవ్వాడు. "నొప్పితో ఏదో అంటోందండి. నాకేం లేదండి, శుభ్రంగా ఉన్నాను."

"ఒక్కసారి ఆయన్ని చూడండి డాక్టరుగారూ, అపెండిక్సేమో. మీ కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అతన్ని పడుకోమంది. జ్వరం నూట రెండు. నాడి నూట ఇరవై. కడుపు నొక్కింది. "నొప్పి ఉందా?" లేదండి. "ఇక్కడ?" లేదండి. "కాలు ముడవండి. ఇప్పుడు?" అబ్బే. ఆవిడ చేతులు తుడుచుకుంది.

"కడుపు కాస్త గట్టిగా ఉంది గానీ, పని చేసే మనిషి కదా, కండ ఉంటుంది. నొప్పి లేకుండా అపెండిక్స్ ఏమిటండీ? ఈ ఏజెన్సీలో జ్వరమంటే ముందు మలేరియా చూస్తాం. రక్తం తీస్తారు, అరగంటలో రిపోర్టొస్తుంది. బయట కూర్చోండి."

అరగంట. హైమ అతని మణికట్టు వంక చూసింది. ఈ గదిలో ప్రతి ప్రశ్నా ఒకే ప్రశ్న, నొప్పి ఉందా అని. ఆ ప్రశ్నకి జవాబు తను మూడు రోజుల కిందటే పీటల మీద కూర్చుని దారం చుట్టి దాచేసింది. రక్తం తీసేందుకు నర్సమ్మ కత్తెర పట్టుకొచ్చి, "ఈ కంకణం అడ్డొస్తోంది బాబూ, కోసేత్తాను," అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

"కొయ్యొద్దు!" హైమ అరుపుకి బెంచీ మీద జ్వరాలవాళ్ళు కూడా లేచి తొంగిచూశారు. నర్సమ్మ చేతిలో కత్తెర పట్టుకుని ఉండిపోయింది. "కోస్తే ఆయన చచ్చిపోతారు!"

ఆ తరువాత అంతా చెప్పేసింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. దారం, ల్యాబు తాళం, పీటల మీద ఐదు చుట్లు, బంగారయ్య, గుండె ఆగిన రెండు ఎలకలు, లేని మొక్కు, లేని కడుపునొప్పి. డాక్టరమ్మకే చెబుతున్నట్టు చెప్పింది, అతని వైపు చూడలేక. డాక్టరమ్మ మధ్యలోనే ఫోను తీసి నూట ఎనిమిదికి చేసింది. కింద పెద్దాస్పత్రిలో సర్జనుకి చేసింది. అవతల్నించి ఏదో అన్నారు. ఆవిడ హైమ వైపు తిరిగింది.

"ఈ దారం ఉండగా మత్తు ఎంత ఇవ్వాలో వాళ్ళకి తెలియదంటున్నారు. విప్పి పంపమంటున్నారు. నువ్వు తప్ప విప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ."

"అయితే అంబులెన్సు వచ్చేలోగా విప్పు. సెలైన్ పెడతాను."

హైమ బల్ల దగ్గరికి వెళ్ళింది. చక్రి పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు.

"చెయ్యివ్వండి," అంది.

అతను ఇవ్వలేదు. "ఊరంతా చెప్పుకొచ్చాను హైమా. నీ చెయ్యి మంచిదని."

ఆమెకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "తప్పు చేశాను. పెళ్ళి ఆగిపోతుందని భయమేసింది. తరువాత మీరు అలా మురిసిపోతుంటే చెప్పడానికి ఇంకా భయమేసింది."

"నేనేమన్నా ఎలకనా?"

నర్సమ్మ సెలైన్ సూది గుచ్చింది. అది కూడా అతనికి తెలియలేదు. సూది వంకా, దాని పక్కనే బొట్టుబొట్టుగా ఊరిన రక్తం వంకా చూశాడు. ఆ రక్తం చూశాకే అతనికి నమ్మకం కుదిరినట్టుంది. మొహం పాలిపోయింది. అప్పుడు చెయ్యి చాపాడు.

"టైముకి ఇప్పకపోతే కోసేత్తదని పొద్దున్నే చెప్పానుగా," అన్నాడు. "ఇప్పు."

మొదటి చుట్టు విప్పింది. ముడి బిగిసిపోయి ఉంటే గోటితో, తరువాత పంటితో వదులు చేసింది. చక్రి కనుబొమలు ముడిచాడు. "ఏదో బరువుగా ఉంది," అన్నాడు. హైమ అతని నాడి పట్టుకుని లెక్కపెట్టింది. రెండు నిమిషాలు ఆగింది.

రెండో చుట్టు. అతని కుడి మోకాలు దానంతటదే పైకి ముడుచుకుంది. కాలివేళ్ళు బిగుసుకున్నాయి.

"నూట ముప్ఫై," అంది డాక్టరమ్మ. "ఆగు."

ఆగింది. గోడ గడియారం ముల్లు కదలనట్టే ఉంది. నూట ఇరవై ఐదుకి దిగాక మూడో చుట్టు విప్పింది. చక్రి "అమ్మా" అన్నాడు, మామూలు గొంతుతో. మళ్ళీ "అమ్మా" అన్నాడు. ఈసారి గొంతు మామూలుగా లేదు. పెళ్ళిపీటల మీద కనిపించిన ఆ చెమట, ఆ పళ్ళు బిగించడం మళ్ళీ వచ్చాయి, మూడు రోజుల వడ్డీతో.

"చాలు, ఇంక చాలు," అన్నాడు. "మిగతావి వద్దు హైమా. నీకు దణ్ణం పెడతాను. మళ్ళీ చుట్టెయ్."

ఆమె చేతులు ఆగిపోయాయి. చుట్టెయ్యడం ఒక్క క్షణం పని. మళ్ళీ అతను నవ్వుతాడు. ఆ నవ్వు మొహం ఆమెకి ఎంత కావాలో! ఆమె నాలుగో చుట్టు పట్టుకుంది.

"విప్పుతున్నానండీ," అంది. "విప్పమంటారా?"

అతను కళ్ళు మూసుకుని తల ఊపాడు.

నాలుగో చుట్టుకి అతని కేక వరండా దాటి రోడ్డు దాకా వినపడింది. నాడి నూట యాభై దాటింది. డాక్టరమ్మ ఏదో మందు ఎక్కించింది. నాలుగు నిమిషాలు. హైమ జీవితంలో అంత పొడుగు నాలుగు నిమిషాలు అంతకుముందు లేవు, ఆ తరువాతా రాలేదు. ఆ నాలుగు నిమిషాలూ అతని గుండె ఆగుతుందేమో, ఇప్పుడే ఆగుతుందేమో అని వేలికొసల కింద వెతుక్కుంటూనే ఉంది. అది కొట్టుకుంటూనే ఉంది. నూట ముప్ఫై అయిదు. ఐదో చుట్టు ఊడి, పసుపుకొమ్ముతో సహా ఆమె ఒళ్ళో పడింది.

డాక్టరమ్మ వెంటనే కుడివైపు వేలు ఆనించింది. ఆనించిందో లేదో చక్రి ఆవిడ చెయ్యి తోసేసి ముడుచుకుపోయాడు. "అక్కడే! అక్కడేనండీ, అయ్యబాబోయ్!"

"హమ్మయ్య," అంది డాక్టరమ్మ. అలా అన్నందుకు ఆవిడే నాలిక కరుచుకుంది. ఫోనులో సర్జనుతో చెప్పింది. "అపెండిక్సే సర్. పగిలినట్టుంది గానీ ఒక్కచోటే పట్టి ఉంది. ఇంకా టైముంది. థియేటరు రెడీ చేయించండి."

అంబులెన్సు మోత దగ్గరపడుతోంది. హైమ తన మణికట్టుకున్న కంకణం చూసుకుంది, అతను కట్టినది. వట్టి పసుపు దారం. అది విప్పాల్సింది అతనే. అడిగే మొహం ఆమెకి లేదు. అతని చెయ్యి వదిలి ఒక అడుగు వెనక్కి వేసింది.

నర్సమ్మ సిరంజి పట్టుకొచ్చి అతని మీదకి వంగింది. "బాబూ, నొప్పికి ఇంజెక్షను. తగ్గుద్ది, మత్తుగా ఉంటది. వెయ్యమంటావా?"

చక్రి ఆవిడ వంక చూశాడు. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తల తిప్పి హైమ కోసం వెతికాడు. గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"విన్నావా," అన్నాడు, పళ్ళ సందుల్లోంచి. "అడిగింది."

హైమ తల దించుకుంది. అతను నర్సమ్మకి చెయ్యమని తలూపాడు. ఆ తరువాత సెలైన్ లేని చెయ్యి పక్కకి చాపి, దగ్గరికొచ్చిన హైమ చెయ్యి అందుకుని, వేళ్ళతో ఆమె కంకణం ముడి వెతకసాగాడు.